వేర్వేరు రచనల్లో అర్థాలను పోల్చాలంటే ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే సరిపోతుందా?

సరిపోదు. గుణాత్మక పద్ధతిలో, అంటే అంకెలతో కాకుండా అర్థాలను చదివి విశ్లేషించే పద్ధతిలో, అన్ని రచనలనూ ఒకే ప్రశ్నలతో చదివి, సంబంధమున్న భాగాలకు కోడ్‌లు (ఆ భాగం దేని గురించో చెప్పే చిన్న పేర్లు) పెట్టి, ఒక్కో కోడ్ కింద ఏ రచన ఏం చెబుతోందో పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎందుకంటే అర్థం మాటలోనే ఉండిపోదు, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో దాన్నిబట్టి మారుతుంది.

అహల్య కథ చూడండి. వాల్మీకి రామాయణంలోనూ తులసీదాసు రామచరితమానస్‌లోనూ శాపం ఉంది, రాముడి రాకతో విముక్తీ ఉంది, కాబట్టి మాటలు లెక్కపెడితే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ "శిక్ష ఏమిటి, విముక్తి ఎలా వచ్చింది, ఎవరు ఎవరి పాదాలు తాకారు" అని రెండిటినీ అడిగితే తేడా బయటపడుతుంది. వాల్మీకిలో ఆమె రాయి కాదు, ఎవరికీ కనపడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి తపస్సు చేస్తుంది, చివరికి రామలక్ష్మణులే ఆమె పాదాలకు నమస్కరిస్తారు. తులసీదాసులో ఆమె రాయి, రాముడి పాదస్పర్శతో లేచి ఆయన్ను స్తుతిస్తుంది. మొదటిదాంట్లో ఆమె తపస్సుకు గౌరవం, రెండోదాంట్లో దేవుడి కృప. ఈ మార్పే అసలు ఫలితం.

గుణాత్మకం అంటే ఎవరికి తోచింది వాళ్లు రాసేయడమని చాలామంది అనుకుంటారు, అది తప్పు. ఏ కోడ్‌కి ఏ అర్థమో ముందే రాసిపెట్టుకోవాలి, వీలైతే ఇంకొకరితో అవే భాగాలకు విడిగా కోడ్ చేయించి తేడాలు చర్చించాలి, తమ వాదనకు అడ్డొచ్చే వాక్యాల్ని వదిలేయకుండా పట్టించుకోవాలి.