ఏది వదిలేసిందో రాయి

చిరంజీవి తమ్ముడికి,

అంతరిక్ష నౌకల కంప్యూటర్ల మీద నీ వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. కానీ "కంప్యూటర్ చేతులెత్తేసింది, ఆర్మ్‌స్ట్రాంగ్ కాపాడాడు" అన్న చోట నాకు ఒళ్లు మండింది.

1969 జులై 20న అపోలో 11 చంద్రుడి మీదకి దిగుతుంటే పని భారం మించిపోయిందని కంప్యూటర్ చెప్పే 1202 అలారం వచ్చిన మాట నిజమే. రాడార్ నుంచి అక్కర్లేని సంకేతాలు వచ్చిపడి కంప్యూటర్ సమయాన్ని తినేశాయి. పాత పని పూర్తికాకముందే కొత్త పని వచ్చి, పనులు పెట్టుకునే చోటు నిండిపోయింది. చెరిపి రాసుకునే మెమరీ మొత్తం 2,048 'పదాలే' (అంటే ఒక్కో అంకె పట్టే గళ్లు) మరి! అప్పుడది అన్నీ దులిపేసుకుని మళ్లీ మొదలై, నౌకను నడిపే లెక్కల్ని ఆగిన చోటి నుంచి అందుకుంది. వ్యోమగాములు అడిగిన అంకెల డిస్‌ప్లేని పక్కన పడేసింది. ఏ పని ముందో, ఏది పోయినా ఫర్వాలేదో ముందే తేల్చిపెట్టారు. ఆ ప్రాధాన్యాల పద్ధతి హాల్ లానింగ్ అనే కంప్యూటర్ నిపుణుడిది. నీ వ్యాసంలో ఆయన పేరే లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ బండరాళ్లు దాటించాడు, ఒప్పుకుంటాను. అప్పుడు కూడా ఇంజిన్ జోరుని సర్దుతున్నది ఆ కంప్యూటరే.

యంత్రం గురించి రాసేటప్పుడు అది ఏం చేసిందో అందరూ రాస్తారు. కష్టంలో ఏది వదిలేసిందో రాయి.

హీరో లేకపోతే ఎవరూ చదవరంటారు ఎడిటర్లు. లోపం వస్తే రైల్వే సిగ్నల్ ఎరుపుకే ఎందుకు పడుతుందో తెలుసుకోవడానికి ఎండలో మెయింటెయినర్ వెనకాల పట్టాల వెంట నడిచాను. ఆ పేరా కోసేసి, రైలింజన్ ఫొటో పెద్దది చేసి వేశాడొకాయన. పారితోషికం ఇప్పటికీ రాలేదనుకో.

1997లో అంగారకుడి మీద దిగిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక మాటిమాటికీ రీసెట్ అయిన సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశావు. అసలు సరుకంతా అక్కడుంది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని, అంటే తక్కువ ప్రాధాన్యమున్నది, ఒక తాళం (ఒకసారికి ఒక పనే వాడుకోవాల్సిన దాని మీద హక్కు) పట్టుకుంది. పెద్ద పని ఆ తాళం కోసం ఆగింది. ఈలోగా మధ్యరకం పనులు వచ్చి చిన్నదాన్ని కదలనివ్వలేదు. పెద్దదానికి గడువు తప్పింది, సిస్టమ్ రీసెట్! దీనికి మందేమిటంటే, తాళం వదిలేదాకా చిన్న పనికి పెద్దదాని హోదా అరువివ్వడం. ఆ సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉంది, ఆన్ చేసి లేదంతే. భూమ్మీంచి ఆన్ చేశారు.

దీనికి ఒక పేజీ ఇవ్వు. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి రెండు లైన్లు చాలు. ఏ పత్రికకి పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. ముందు తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు