‘కాలా పత్థర్’: గనిలోకి వచ్చిన నీరు

ప్రశ్న: మా తాతగారు కోలార్ బంగారు గనుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఇటీవల ఆయనతో కలిసి 1979 నాటి హిందీ చిత్రం ‘కాలా పత్థర్’ చూశాను. సినిమా అయ్యాక ఆయన, ‘మాకు నీళ్ళ భయం కాదమ్మా, రాయి భయం’ అని మాత్రం అన్నారు. ఇంతమంది తారలున్న ఈ చిత్రాన్ని గని కార్మికుల కథగా చూడవచ్చునా? అందులోని ప్రమాదం నిజంగా జరిగిందా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: జరిగింది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా బొగ్గుగనిని నీరు ముంచెత్తి, 370 మందికి పైగా కార్మికులు లోపలే మరణించారు. ఆ విషాదాన్ని మనసులో పెట్టుకొని సలీం-జావేద్ రాసిన కథను యశ్ చోప్రా తెరకెక్కించారు. అయితే సినిమాలో గని ఒక సేఠ్‌ది (ఆ పాత్ర ప్రేమ్ చోప్రాది), చాస్‌నాలా మాత్రం ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ కంపెనీది. ఆ కంపెనీ నిర్వహణను 1972లోనే ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అత్యాశాపరుడైన సేఠ్ ఒకడు కనిపిస్తే మన కోపానికి ఒక ముఖం దొరుకుతుంది గానీ, సంతకాలూ దస్త్రాలూ ఎన్నో చేతులు మారే చోట తప్పు ఎవరిదో తేల్చడంలోని చిక్కు తెర మీదికి రాకుండానే పోతుంది. ఈ చిత్రంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

ఆ లోటును కొంత పూడ్చేది శశి కపూర్ వేసిన ఇంజనీరు పాత్ర. నీరు నిలిచిన పాత పనుల (అంటే తవ్వి వదిలేసిన చోట్ల) చేరువకు తవ్వకం సాగరాదని అతను పదేపదే హెచ్చరిస్తాడు. ఇది కథ కోసం అల్లిన మాట కాదు. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం పాడుపడిన పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సి ఉండేది, తవ్వకం సాగే గోడకు ముందు బోరు రంధ్రాలు వేసి నీటి జాడ చూసుకుంటూ సాగాల్సి ఉండేది. మన సింగరేణిలోనూ 2003 జూన్‌లో గోదావరిఖని గనిలోకి నీరు చొరబడి 17 మంది చనిపోయారు కనుక, ఆ సన్నివేశాలను తెలుగు ప్రేక్షకుడు పరాయి కథగా చూడలేడు.

ఇక తారల సంగతి. అమితాబ్ బచ్చన్ పోషించిన విజయ్, తుఫానులో ప్రయాణికులను వదిలి ఓడ దిగిపోయిన కెప్టెన్. శత్రుఘ్న సిన్హా పోషించిన మంగళ్, జైలు తప్పించుకు వచ్చినవాడు. ఇద్దరూ తప్పించుకోవడానికే గనికి వచ్చారు, గని మాత్రం తప్పించుకునే దారి లేని చోటు. సముద్రపు నీటికి భయపడి పారిపోయిన మనిషికి అదే నీరు భూగర్భంలో ఎదురుపడడం, ఈసారి అతను వెనుదిరగకపోవడం — రచయితల పనితనమంతా ఈ ఒక్క మలుపులో ఉంది. కత్తి పదునును ఒట్టిచేత్తో పట్టుకునే దృశ్యాన్ని అభిమానులు వీరత్వంగా చెప్పుకుంటారు. నాకైతే అది తనను తాను శిక్షించుకుంటున్న మనిషి పనిగానే తోస్తుంది. కాబట్టి ఇది అమితాబ్ చిత్రమా, కార్మికుల చిత్రమా అని విడదీసి చూడనక్కరలేదు. నాయికల పాత్రల విషయంలో మాత్రం అంత ఉదారంగా ఉండలేను: రాఖీ వైద్యురాలికి కొంత బరువుంది, పర్వీన్ బాబీ విలేకరికీ నీతూ సింగ్ చన్నోకూ కథలో చోటు చాలలేదు.

తాతగారి మాట అక్షరాలా నిజం. కోలార్‌లో చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు వెళ్ళింది. అంత లోతున పైనున్న భూమి బరువుకు రాతిగోడలు ఉన్నట్టుండి పేలిపోయేవి. అక్కడివారు భయపడింది దానికే. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. మరోసారి చూసేటప్పుడు, కార్మికులు కేజ్‌లో (గని లిఫ్టులో) కిందికి దిగే దృశ్యం దగ్గర బొమ్మను ఆపి, ఆ క్షణంలో లోపలివాళ్ళు ఏం మాట్లాడుకునేవారో ఆయననే అడగండి.