‘ఆర్’ షరతు ప్రతి ఊరినీ ఎందుకు ఒప్పుకుంటోంది

వరంగల్, హనుమకొండ విద్యార్థుల పేర్లు మాత్రమే రావాలని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఊరు == "వరంగల్" ఆర్ "హనుమకొండ" అని రాస్తే (== అంటే ‘సమానమా’, ఆర్ అంటే or, ‘లేదా’), కరీంనగర్ వారి పేర్లు కూడా వస్తున్నాయని మీరు అడిగారు. మన మాటల్లో ‘ఊరు వరంగలో, హనుమకొండో’ అంటే సరిపోతుంది కానీ, ఆర్ తనకు రెండు వైపులా ఉన్నవాటిని వేర్వేరు షరతులుగా చూస్తుంది. కుడివైపు ఒంటరిగా మిగిలిన "హనుమకొండ" ఖాళీ కాని స్ట్రింగ్ (కొటేషన్ గుర్తుల మధ్య రాసిన అక్షరాల వరుస) కాబట్టి పైథాన్ దానిని ఎప్పుడూ సత్యంగానే లెక్కిస్తుంది, దాంతో ఏ ఊరు వచ్చినా షరతు నెగ్గుతుంది.

పోలికను రెండోవైపు కూడా పూర్తిగా రాయండి: ఊరు == "వరంగల్" ఆర్ ఊరు == "హనుమకొండ". ఎడమవైపు నిజమైతే పైథాన్ కుడివైపు చూడనే చూడదు. రేపు ములుగు, జనగామ కూడా చేర్చాల్సి వస్తే, ఆర్‌లను పెంచుకుంటూ పోవడం కన్నా ఊళ్లన్నిటినీ ఒక జాబితాలో పెట్టి ‘ఇన్’ (in, అంటే ‘అందులో ఉందా’)తో వెతకడమే మేలని నా అభిప్రాయం.