చిన్న వంటింట్లో మిక్సీ ఎక్కడ పెట్టుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: శ్రీకాకుళంలో అద్దె వాటా, ఆరడుగుల వంటగట్టు, ఒక చివర గ్యాస్ పొయ్యి, రెండో చివర సింకు. గోడకి మేకు కొట్టడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోరు. మిక్సీ, మూడు జార్లు గట్టు మీద పెడితే కూరగాయలు తరుక్కోడానికి చోటుండదు. అటక మీద పెడితే రోజూ దించలేరు. మాది విజయనగరంలో, కంటోన్మెంట్ వైపు. మా వాటా కూడా అచ్చం ఇలాంటిదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అటక మాట మర్చిపోండి. జార్లతో కలిపితే మిక్సీ నాలుగైదు కిలోలు తూగుతుంది. అంత బరువు స్టూలెక్కి తలపైనుంచి దించుకోవడం ఎవరికీ మంచిది కాదు. పైగా మన వంటకి అది రోజూ కావాలి. పొద్దున్న పల్లీల చట్నీ, మధ్యాహ్నం అరటికాయకి ఆవ, ఇంకో రోజు నువ్వుల పొడి. చేతికందని చోట ఉంటే ఆ వంటలే మానేస్తాం. కాబట్టి మిక్సీ గట్టు మీదే ఉండాలి.

ఎక్కడంటే, పొయ్యికీ సింకుకీ మధ్య గోడవైపు. మనం గట్టు పొడుగే కొలుస్తాం, లోతు పట్టించుకోం. మామూలుగా గట్టు లోతు రెండడుగులు ఉంటుంది. తరుక్కోడానికి ముందున్న అడుగు మేర చాలు. వెనకనున్న అడుగులో సాధారణంగా ఉప్పు డబ్బా, నూనె సీసా, ఖాళీ బిస్కెట్ ప్యాకెట్టు చేరతాయి. వాటిని తీసేసి మిక్సీని గోడకి దగ్గరగా పెట్టండి. రుబ్బేటప్పుడు ముందుకి లాగండి, పనయ్యాక వెనక్కి తోసేయండి.

ఇక్కడే చిక్కు. కింద రబ్బరు కాళ్ళు గట్టుని పీల్చి పట్టుకుంటాయి, రోజూ ఊడదీసి జరపడం విసుగు. బలంగా గుంజితే ఆ కాళ్ళే ఊడొస్తాయి. దీనికి నేను చేసిన ఉపాయం ఒక గ్రానైట్ ముక్క. మీ జిల్లాలో టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలున్నాయి కదా, శ్రీకాకుళంలో ఏ రాళ్ళ దుకాణంలో అడిగినా కోతలో మిగిలిన ముక్కలుంటాయి. అడుగు పొడుగు, అడుగు వెడల్పు, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క అడగండి. అంచులు అరగదీయించండి, లేకపోతే చేతులు కోసుకుంటాయి. ఆ ముక్క బరువే దాదాపు నాలుగున్నర కిలోలు ఉంటుంది. నున్నటి వైపు పైకి ఉంచి దాని మీద మిక్సీని నొక్కి పెట్టండి, కాళ్ళు గట్టిగా అంటుకుంటాయి. రాయి కింద పాత టర్కీ తువ్వాలు నాలుగు మడతలేసి పరవండి. ఇక రాయి, మిక్సీ రెండూ కలిసి తువ్వాలు మీద జారుతూ ముందుకొస్తాయి, వెనక్కెళ్తాయి. రుబ్బేటప్పుడు ఆ బరువుకి మిక్సీ గెంతదు, గట్టు అదరదు, మోత కూడా సగానికి సగం తగ్గినట్టుంటుంది. రాయి ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు చూసి, "ఏటమ్మా, సన్నికల్లు తెచ్చేవేటి?" అన్నారు. ఇప్పుడు తడిగుడ్డ పెట్టి ఆ రాయి తుడిచేది ఆవిడే.

మిక్సీని తుడవడానికో మరమ్మతుకో రాయి మీంచి తీయాల్సివస్తే తిన్నగా పైకెత్తకండి. ఒక మూల కాలి కింద వేలు దూర్చి గాలి వెళ్ళనిస్తే, మిగతా మూడూ వాటంతటవే వదులుతాయి. చాలా మిక్సీలకి అడుగున చిన్న బటన్ ఉంటుంది, తరచు ఎర్రగా ఉంటుంది. పిండి గట్టిగా ఉండి మోటారు మీద భారం పడితే అది తన్నుకుని మిక్సీ ఆగిపోతుంది. కాసేపు చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. అందుకని దేన్లోనైనా బిగించి పెట్టేసి అడుగు చూడ్డానికి వీల్లేకుండా చేసుకోవద్దు.

గట్టు కింద సిలిండర్ పక్కన ఖాళీ ఉందని రాశారు. దయచేసి అక్కడ పెట్టి మాత్రం తిప్పకండి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. వంటగ్యాస్ గాలికంటే బరువు. ఎక్కడన్నా లీకైతే పైకి పోదు, నేలబారున పరుచుకుని మూలల్లో నిలుస్తుంది. మిక్సీ మోటారులో తిరిగే భాగానికి కార్బన్ బ్రష్షులు రాసుకుంటుంటాయి, నిప్పురవ్వలు సహజం. చీకట్లో తిప్పి చూస్తే మోటారు సందుల్లోంచి నీలంగా మెరుస్తుంటాయి. ఆ రెండూ ఒకే చోట ఉండకూడదు. చిన్న ఇళ్ళలో కింద కూర్చుని రుబ్బడం అలవాటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అలవాటు మానలేకపోతే మిక్సీని హాల్లోకన్నా తీసుకెళ్ళండి, సిలిండర్ పక్కన వద్దు.

పొయ్యికి కూడా ఓ జానెడు దూరమైనా ఉండాలి. తాలింపు చిటపటలు, నూనె ఆవిరి మిక్సీ మీద పడి జిడ్డు కడుతుంది. ఆ జిడ్డుకి బొద్దింకలు వస్తాయి. మోటారు వెచ్చదనం వాటికి ఇష్టం, అడుగున గాలి సందుల్లోంచి లోపలికి దూరిపోతాయి. ప్రతి ఆదివారం రాయి జరిపి కింద తుడిస్తే ఈ బాధ ఉండదు. తొడుగు వేయాలనుకుంటే పాత నూలు చీర ముక్కతో కుట్టించండి. ప్లాస్టిక్ కవరు వద్దు, మన తీరం వైపు తేమకి లోపల చెమ్మ పడుతుంది. కళింగపట్నంలో మా చిన్నాన్నగారింట్లో ఉప్పుగాలికి జార్ పట్టీల మీద తుప్పు చుక్కలు రావడం నేనే చూశాను. రుబ్బిన వెంటనే కూడా కప్పకండి, మోటారు చల్లారాక కప్పండి.

ఇక జార్లు. మూడూ మిక్సీ పక్కనే ఉండాలని లేదు. చట్నీ జార్ ఒక్కటీ మిక్సీ మీద ఉంచండి, రోజూ వాడేది అదే. మీడియం, పెద్ద జార్లు పప్పుల డబ్బాల అరలోకి, లేదా వంటింటి బయట బీరువా మీదకైనా పంపొచ్చు. మూతలు వేరు చేసి కంచాల స్టాండులో నిలబెట్టండి, కంచాల్లాగే ఇమిడిపోతాయి. మూతలు బిగించి దాచిన జార్లో వెల్లుల్లి వాసన రోజులు గడిచినా పోదు.

అరలో పెట్టేముందు ఆరబెట్టే తీరు మీద శ్రద్ధ పెట్టండి. కడిగిన జార్‌ని అందరూ బోర్లిస్తారు. అప్పుడు లోపల ఆరుతుంది గానీ, అడుగున కప్లర్ (మోటారుకి తగులుకునే చక్రం) చుట్టూ ఉండే గుంట పైకి తిరుగుతుంది, అందులో నీళ్ళు నిలిచిపోతాయి. ఆ నీళ్ళు మెల్లగా ఇరుసు తిరిగే బుష్ అనే గొట్టంలోకి దిగి బ్లేడు ఇరుసు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అలాగే తడితో మిక్సీ మీద పెడితే నీళ్ళు కారి మోటారు వైపు పోతాయి. నేను కడగ్గానే అడుగు గుంటలో గుడ్డ పెట్టి ఒత్తి, ఆ తర్వాత జార్‌ని పక్కకి పడుకోబెడతాను. చిన్న చోటయినా దానికి సింకు అంచు చాలు.

ప్లగ్గు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. 750 వాట్ల మిక్సీ 230 వోల్టుల దగ్గర మూడుంపావు ఆంపియర్లు తీసుకుంటుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్టు సరిపోతుంది. కానీ అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇండక్షన్ పొయ్యి కూడా తగిలించకండి. 2000 వాట్ల ఇండక్షన్ ఒక్కటే ఎనిమిది ఆంపియర్లు దాటుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టు వేరే ఉండాలి. మిక్సీ తీగ సింకు వైపు వేలాడకుండా చూసి, వదులుగా చుట్టి గుడ్డపీలికతో కట్టండి.

మిక్సీ అమ్మేసి చిన్న బ్లెండర్ కొనుక్కోనా అన్నారు. జ్యూసులకీ మిల్క్‌షేకులకీ అది బావుంటుంది, చోటూ తక్కువే. నానబెట్టిన మినప్పప్పుకీ ఎండుకొబ్బరికీ దాని మోటారు తట్టుకోలేదు. ఇంట్లో ఇడ్లీపిండి రుబ్బుకునేవాళ్ళయితే అమ్మకండి. ఒక చిన్న కల్వం మాత్రం ఆ గ్రానైట్ పక్కనే ఉంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మీ జిల్లాలో కరెంటు ఎన్ని రోజులు లేదో మీకు తెలుసు, అప్పుడు పచ్చిమిర్చి, చింతపండు నూరుకోడానికైనా పనికొస్తుంది.

రాయి కొనేముందు రెండు కొలతలు తీసుకోండి: గోడ నుంచి గట్టు అంచుదాకా లోతు, గట్టు నుంచి పైనున్న అర (షెల్ఫు) కింది అంచుదాకా ఎత్తు. రెండోది పెద్ద జార్, మూతతో సహా పెట్టి చూడండి, ఖాళీ మిక్సీతో కాదు. ముందుకి లాగి రుబ్బుతారు కనక అర కింద పెద్ద జార్ పట్టకపోయినా పర్వాలేదు, చట్నీ జార్‌తో పట్టినా చాలు. సాకెట్టు ఏ వైపుందో కూడా రాస్తే, రాయి ఎటు పక్కకి పెట్టుకోవాలో చెప్తాను.