వేడెక్కితే ఆగిపోతాది, పంపు మార్చాల్నా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి. నా 1987 పోర్షే 944 కరకంబాడి రోడ్డులో ఎండకి ఉన్నట్టుండి ఆగిపోతాది, అరగంటకి మళ్లీ స్టార్ట్. మెకానిక్ ఫ్యూయల్ పంపు మార్చమంటున్నాడు.

జవాబు: ఆగు తమ్ముడూ, ఈ బండ్లలో ముందు డీఎంఈ రిలేని, అంటే కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చి డబ్బాని, అనుమానించాల, పంపుకీ ఇంజిన్ కంప్యూటర్‌కీ కరెంటు దాన్నుంచే పోతాది, లోపల టంకం చీలింటే వేడికి కనెక్షన్ పోయి చల్లారినాక మళ్లీ తగులుకుంటాది. అందుకే బండి ఆగిన చోటే చూడాల, షెడ్డుకి తోలుకుపోతే అంతా బాగానే కనిపిస్తాది! పెట్రోల్ లీక్ లేదని చూసుకుని, రిలే పీకి, సాకెట్‌లో 30, 87బి నంబర్ల పిన్నులు పోయే రంధ్రాల్ని ఫ్యూజున్న వైరుతో కలుపు. పంపు గుయ్‌మంటే రిలే మార్చు, అది చవకే. మోగకపోతే ఫ్యూజు చూసి, పంపు దగ్గర మల్టీమీటర్ పెట్టు, 12 వోల్టులు వస్తా ఉండీ, ఎర్త్ బాగుండీ తిరగలేదంటే అప్పుడు పంపే. కొత్త రిలేతో కూడా ఆగితే ఫ్లైవీల్ దగ్గర సెన్సర్ చూపించు.