స్థాయి సంగతి తర్వాత, ముందు ఆదివారం పొద్దున్నే బయటికి రండి

విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో వాటర్‌కలర్స్ వేస్తున్నాను, ఆర్ట్ కాలేజీలో చదవలేదు, ఇక్కడి పెయింటర్స్‌తో ఎలా కలవాలి, ఎగ్జిబిషన్‌లో పెట్టే స్థాయి నాకు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా. నేను గుంటూరు నుంచి వచ్చిపోతూ చాలా ఏళ్లుగా ఇక్కడి గ్రూప్ షోల్లో బొమ్మలు పెడుతున్నాను, నాకు తెలిసింది చెప్తాను.

డిగ్రీ గురించి బెంగ వద్దండి. మన వైపు షోల్లో స్కూల్ డ్రాయింగ్ మాస్టార్లు ఉంటారు, ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డులు వదిలి కాన్వాస్ పట్టుకున్నవాళ్లు ఉంటారు, బ్యాంకుల్లో చేసేవాళ్లు, ఇంజినీరింగ్ పిల్లలు, ఇంట్లోవాళ్లు పడుకున్నాక కూర్చుని వేసుకునే ఆడవాళ్లు, అందరూ ఉంటారు. సర్టిఫికెట్ ఎవరూ అడగరు, బొమ్మ చూపించమంటారు అంతే.

చాలామంది ఎగ్జిబిషన్ ఓపెనింగ్ రోజు వస్తారు, ఆ రోజు గెస్టులు, శాలువాలు, ఫొటోల హడావుడిలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. కల్చరల్ సెంటర్ ఆఫ్ విజయవాడ అండ్ అమరావతిలో గానీ ఇంకెక్కడన్నా గానీ షో జరుగుతుంటే మధ్య రోజుల్లో మధ్యాహ్నం పూట వెళ్లండి, బొమ్మ వేసినాయన అక్కడే కుర్చీ వేసుకుని ఉంటాడు, ఏ పేపరు వాడారండీ అని ఒక్క మాట అడిగితే చాలు గంట మాట్లాడతాడు. ఔట్‌డోర్ స్కెచింగ్‌కి ఎప్పుడు వెళ్తున్నారో అడిగి నంబరు తీసుకోండి. అదే మీ ఎంట్రీ.

ఔట్‌డోర్ అంటే ఎక్కడికో పోనక్కర్లేదు, వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తెల్లారగట్ల బస్తాలు దించుతున్నప్పుడు, ఏలూరు కాలువ గట్టు, సీతానగరం వైపు నుంచి బ్యారేజీ, ఇంకొంచెం ముందుకెళ్తే ఉండవల్లి గుహలు. ఇంట్లో ఫ్యాన్ కింద వేసినట్టు ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదింటికే మొదటి వాష్, అంటే నీళ్లగా వేసే మొదటి రంగు పూత, పూర్తికాకుండా ఆరిపోతుంది, బొమ్మలో ఆకాశం మీద గీతలు పడతాయి. నా పక్కన కూర్చున్న ఒక మాస్టారు 300 జీఎస్‌ఎం, అంటే బాగా మందంగా ఉండే, కాటన్ పేపర్‌ని రెండు వైపులా తడిపి, ప్లాస్టిక్ అట్ట మీద పరిచి, అంచుల్లో నీళ్లు గుడ్డతో అద్ది అప్పుడు రంగు పెట్టారు, అది చాలాసేపు తడిగానే ఉంది. వీడియోల్లోనూ చూపిస్తారు గానీ మన ఎండలో మన కళ్లముందు చూస్తే చేతికి అబ్బుతుంది.

ఇంకొకటి, హ్యాంగింగ్ రోజు. బొమ్మలు గోడకి తగిలించేది ఓపెనింగ్‌కి ముందు రోజు, అప్పుడు సాయానికి మనుషులు ఎప్పుడూ చాలరు, మీ బొమ్మ లేకపోయినా వస్తానని చెప్పి వెళ్లండి. టేపు పట్టుకోవడం, దారం కట్టి అందరి ఫ్రేముల మధ్య భాగం మన కంటి ఎత్తుకి, అంటే నేల నుంచి సుమారు 57 నుంచి 60 అంగుళాలకి తేవడం, లైటు పడి అద్దం మెరుస్తుంటే కోణం మార్చడం, ఇవన్నీ చేస్తుంటే ఏ బొమ్మ దూరానికి నిలబడుతుందో, ఏది పక్క బొమ్మ రంగులో కొట్టుకుపోతుందో మీకే కనపడుతుంది. ఒకసారి ఒక కుర్రాడు ప్రకాశం బ్యారేజీ వేసుకొచ్చాడు, గేట్లన్నీ ఒక్కొక్కటీ గీశాడు. మాస్టారు ఏమీ అనకుండా తెల్ల కాగితం తెచ్చి కుడి వైపు సగం మూసి, ఇప్పుడు చూడు అన్నారు. మూడు నాలుగు గేట్లే కనపడుతున్నాయి, బొమ్మలో నీళ్లు, ఎండ, దూరం అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. ఆ అబ్బాయి మర్నాటికల్లా పేపర్ కోసి కొత్త మౌంట్, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట అంచు, వేయించుకొచ్చాడు. స్థాయి ఉందో లేదో అనేది ఇలాంటి చోటే తేలుతుందండి, ఒంటరిగా ఇంట్లో కూర్చుంటే తేలదు.

అసలు మన ప్రాంతంలో బొమ్మలు బతికిందే మనుషుల కలయిక వల్ల అని నా నమ్మకం. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారు, వరదా వెంకటరత్నం లాంటి స్నేహితులు ఆయన పని నిలబెట్టారు కాబట్టే ఆ బొమ్మలు ఈ రోజుకీ అక్కడి గ్యాలరీలో చూస్తున్నాం. ఇటు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అడివి బాపిరాజు గారు బొమ్మలు నేర్చుకున్నది బెంగాల్ నుంచి వచ్చిన చిత్రకారుడు ప్రమోద కుమార్ ఛటర్జీ దగ్గర.

డబ్బు విషయం కూడా చెప్పాలి. గ్రూప్ షో అంటే హాలు అద్దె, బ్రోచర్ ఖర్చు అందరూ పంచుకోవడం మామూలే, అది ఇవ్వండి. కానీ బొమ్మ చూడకుండానే ఎంట్రీ ఫీజు కట్టండి, మెడల్, సర్టిఫికెట్ ఇస్తాం అనేవాళ్ల జోలికి పోవద్దు. వేరే ఊళ్లో ఒకళ్లు నా దగ్గర అలాగే తీసుకుని, కాన్వాస్ మూల చిరిగి తిరిగొస్తే ఫోన్ ఎత్తలేదు. అమ్మితే కమీషన్ ఎంత, దారిలో పాడైతే ఎవరిది బాధ్యత, ఈ రెండూ ముందే రాయించుకోండి.

పెయింటర్స్‌ని కలవడానికి మొదటిసారి వచ్చేటప్పుడు ఇంట్లో వేసినవి ఐదారు పట్టుకురండి, ఫోన్లో ఫొటోలు కాదు అసలు పేపర్లే. ఫోన్లో పేపర్ ఉబ్బింది కనపడదు, రంగు ఎక్కడ మురికయ్యిందో అస్సలు తెలియదు.