వీధిలైట్ల చుట్టూ నీలి మసక: ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో ప్రొడక్షన్‌లో చేరాడు. బట్టలు చేపల కంపు. బి షిఫ్ట్ దిగి వచ్చేటప్పుడు వీధిలైట్ల చుట్టూ నీలంగా మసక కనబడుతోందట. అక్కడ ట్రైఇథైలమైన్ వాడతారట. మాన్పించి ఎమ్మెస్సీలో చేర్పించమంటారా?
- ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, ముందు కళ్ల సంగతి. ఆ మసక అతని భ్రమ కాదు. ట్రైఇథైలమైన్ ఆవిరి తగిలితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) నీరుపట్టి ఉబ్బుతుంది, అందుకే నీలి వలయాలు. ఆవిరికి దూరమైతే మామూలుగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. అలాగని ఊరుకోవద్దు. మసక ఉన్న రాత్రి బండి నడపనివ్వకండి. కంటి డాక్టరుకు కెమికల్ పేరు రాసి చూపించాలి, లేకపోతే నీటికాసులేమోనని పరీక్షల చుట్టూ తిప్పుతారు.

ప్లాంట్‌లో ఈ ట్రైఇథైలమైన్‌ని టీఈఏ అంటారు, అమైన్లు అనే రసాయనాల కుటుంబంలోది. మరిగేది 89 డిగ్రీల దగ్గరే అయినా, సున్నాకు దిగువన కూడా దీని ఆవిరి అంటుకోగలదు. గాలికన్నా మూడున్నర రెట్లు బరువు కాబట్టి నేలబారున పాకుతుంది. మందుల తయారీలో చాలా రియాక్షన్లలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. దాన్ని పట్టి తెల్లటి ఉప్పుగా మార్చడం టీఈఏ పని. ఆ ఉప్పులో కాస్టిక్ సోడా కలిపి టీఈఏని మళ్లీ రాబట్టుకుంటారు కూడా. అందుకే కంపెనీ మారినా ఇది ఎదురొస్తుంది. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి ఆర్ అండ్ డీ ల్యాబ్‌కి వెళ్తే సీసాల్లో ఎదురొస్తుంది.

చూడాల్సింది కెమికల్‌ని కాదు, కంపెనీ దాన్ని వాడే తీరుని. డ్రమ్ములోంచి రియాక్టర్‌లోకి పంపుతో గొట్టం ద్వారా పోతోందా, బకెట్‌తో వంపుతున్నారా? నిప్పురవ్వ పుట్టకుండా డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్పు పెడుతున్నారా? ఆవిరిని కడిగి పట్టే స్క్రబ్బర్ నడుస్తోందా? ఇచ్చిన మాస్క్‌కి అమైన్లకు పనికొచ్చే కార్ట్రిడ్జ్ (ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బా) ఉందా? మామూలు గుడ్డ మాస్క్ దీన్ని ఆపదు. బకెట్‌తో వంపిస్తున్నారంటే, నా మాట, ఈ నెల జీతం కోసం కూడా ఆగొద్దు. మిగతా లోపాలైతే షిఫ్ట్ ఇన్‌చార్జికీ సేఫ్టీ ఆఫీసరుకీ రాతపూర్వకంగా చెప్పి, ఏం చేస్తారో చూడమనండి. సరిచేస్తే ఏడాది రెండేళ్లు ఉండనివ్వండి, ఆ అనుభవం క్యూసీకి (నాణ్యత పరీక్షల విభాగానికి) మారాలన్నా సేఫ్టీ డిప్లొమా వైపు వెళ్లాలన్నా అక్కరకొస్తుంది. ఎమ్మెస్సీ మీద అతనికే మనసుంటే పీజీసెట్ రాయించండి. భయంతో మాత్రం వద్దు.

యూనిఫాం ప్లాంట్‌లోనే మార్చుకుని రమ్మనండి. ఇంటికి తెస్తే విడిగా, నీళ్లలో కాస్త వెనిగర్ వేసి ఉతకండి. చేపల వాసనా అమైన్‌దే, నిమ్మరసం పట్టించి మీరు పోగొట్టేది దాన్నే.